గుసగుసగా పేరు పిలిచిన డాక్టరమ్మ

ఈసారి గోడపత్రికకి ప్రముఖుల జీవితాలు రాయాలని మేడం చెప్పగానే మా క్లాసులో పేర్లు చకచకా అయిపోయాయి. దుర్గాబాయి గారు ఒకరికి, వీరేశలింగం గారు ఒకరికి వెళ్ళిపోయారు. ఘంటసాల గారి కోసం ఇద్దరు పోటీ పడ్డారు. నేను మరియా మాంటిస్సోరి అన్నాను. అది స్కూలు పేరు కదే అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. అనడంలో తప్పేమీ లేదు. మా వీధిలోనే ఆ పేరుతో రెండు బోర్డులున్నాయి. విజయవాడలో ఆ పేరు మీద ఆడపిల్లల కాలేజీ కూడా ఉంది. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. కానీ అది ఒక మనిషి పేరని, ఆవిడ మన చెన్నైలోనే, అడయారులో, కొన్నేళ్ళు ఉన్నారని పోయిన ఏడాది దాకా నాకూ తెలీదు.

తెలిసింది మా చిన్నోడి వల్ల. చిన్నోడంటే మా అక్క కొడుకు. నాలుగేళ్ళు, ఎల్‌కేజీ. వాడి స్కూల్లో రోజూ చాలాసేపు చేతులు కట్టుకుని, నోటి మీద వేలు పెట్టుకుని కూర్చోవాలి. తమిళంలో కై కట్టు, వాయ్ పొత్తు అంటారు. మనమందరం అలా కూర్చుని పెద్దయినవాళ్ళమే, అందుకని మా ఇంట్లో ఎవరికీ అదొక విషయంగా తోచలేదు. కానీ వాడు ఇంటికి రాగానే చెప్పులు విసిరేవాడు. చొక్కా కాలరు నమిలి నమిలి చిల్లు చేశాడు. ఏమైందిరా అంటే ఇంకా గట్టిగా ఏడ్చేవాడు. అవ్వ ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. మిరపకాయల ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గాం, వాడు మాత్రం మారలేదు. నేను మన లైబ్రరీలో చిన్నపిల్లల కోపం గురించి ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతుంటే మాంటిస్సోరి రాసిన పుస్తకం ఒకటి, ఇంగ్లీషు అనువాదం, అట్ట ఊడిపోయింది, దొరికింది. అందులో నిశ్శబ్దం గురించి ఒక అధ్యాయం చదివి, అక్కడే నిలబడిపోయాను. అసలు ఈవిడ ఎవరని అప్పుడు మొదలుపెట్టాను.

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలో కియారవల్లే అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ ఉద్యోగి, తల్లి రెనిల్డె బాగా చదువుకున్న ఇంటి అమ్మాయి. ఒక్కతే కూతురు. ఉద్యోగరీత్యా వాళ్ళు రోముకి వచ్చేశారు. ఆడపిల్లకి మహా అయితే టీచరు ఉద్యోగం అనుకునే కాలంలో ఈ అమ్మాయి పదమూడేళ్ళకి మగపిల్లలు చదివే టెక్నికల్ స్కూల్లో చేరింది. ఇంజనీరు అవుతానంది. తర్వాత మనసు మార్చుకుని డాక్టరు అవుతానంది. తండ్రికి ఇష్టం లేదు, తల్లి వెనక నిలబడింది. మెడికల్ కాలేజీలో శవాలను కోసి నేర్చుకునే పాఠానికి మగవాళ్ళతో కలిసి కూర్చోనివ్వలేదు. అందరూ వెళ్ళిపోయాక, సాయంత్రాలు, ఒక్కతే ఆ గదిలో పని చేసుకునేది. 1896లో డాక్టరు పట్టా వచ్చింది. ఇటలీలో ఆవిడే మొట్టమొదటి లేడీ డాక్టరని చాలాచోట్ల రాస్తారు గానీ అది నిజం కాదు, అంతకుముందే కొద్దిమంది ఉన్నారు. మొదటిది కాకపోతే గొప్ప తగ్గిపోతుందా? సరే, డాక్టరయింది కాబట్టి ఇక్కడి నుంచి మర్యాదగా రాస్తాను.

ఆవిడ రోములో మానసిక రోగుల వైద్యశాలలో చేరారు. అప్పట్లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలను కూడా పెద్ద రోగులతోపాటు పిచ్చాసుపత్రుల్లోనే ఉంచేవాళ్ళు. ఒకచోట ఆయా విసుక్కుంటూ, ఈ పిల్లలు అన్నం తిన్నాక కూడా నేలమీద రొట్టె ముక్కల కోసం పాకుతారని చెప్పిందట. డాక్టరు గారు గది చుట్టూ చూశారు. గదిలో ఏమీ లేదు. ఒక బొమ్మ లేదు, చేత్తో పట్టుకోవడానికి ఒక్క వస్తువు లేదు. వాళ్ళకి కావలసింది తిండి కాదు, చేతికి పని అని ఆవిడకి తోచిందని చెబుతారు. ఆ తర్వాత ఇటార్, సెగాఁ అనే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు అలాంటి పిల్లల గురించి రాసిన పుస్తకాలను ఇటాలియన్లోకి మార్చుకుంటూ మొత్తం చేత్తో రాసుకున్నారు. జిరాక్సు లేని కాలమని కాదు, రాస్తే ఒక్కో మాటా లోపలికి దిగుతుందని. పిల్లలకి వేళ్ళతో తడిమి, ఎత్తి, అమర్చి నేర్చుకునే వస్తువులు చేయించారు. వాళ్ళలో కొందరు మామూలు పిల్లలతో కలిసి పరీక్ష రాసి నెగ్గారు. ఊరంతా మెచ్చుకుంటుంటే ఆవిడకి ఇంకో అనుమానం వచ్చింది. వీళ్ళే ఇంత చేయగలిగితే, మామూలు పిల్లలు ఇంత తక్కువలో ఎందుకు ఆగిపోయారు అని.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ సంస్థలో తనతో పనిచేసిన డాక్టరు జ్యుసెప్పె మోంతెసానోతో ఆవిడకి ప్రేమ. 1898 మార్చి 31న కొడుకు పుట్టాడు, మారియో. పెళ్ళి కాలేదు. పెళ్ళయితే ఆ రోజుల్లో ఆవిడ ఉద్యోగం వదులుకోవాలి. పెళ్ళి కాకుండా బిడ్డ ఉన్నాడని తెలిస్తే ఉద్యోగం వాళ్ళే తీసేస్తారు. బిడ్డను రోము బయట పల్లెలో ఒక కుటుంబానికి పెంపకానికిచ్చారు. తర్వాత మోంతెసానో వేరే ఆవిడను పెళ్ళి చేసుకున్నాడు. మరియా ఆ సంస్థ వదిలేసి మళ్ళీ విద్యార్థినిగా యూనివర్సిటీకి వెళ్ళారు. అప్పుడప్పుడు పల్లెకి వెళ్ళి కొడుకును చూసి వచ్చేవారు. వచ్చింది అమ్మ అని ఆ పిల్లవాడికి చెప్పలేదు.

ఇది చదివాక నేను రెండు వారాలు పుస్తకం ముట్టుకోలేదు. ప్రపంచంలోని పిల్లలందరికీ అమ్మ అని రాస్తారే, సొంత బిడ్డను వదిలేసిందా అని కోపం వచ్చింది. అవ్వకి చెప్తే, మగాడిని ఎవరూ అడగలేదా అంది. అడగలేదు. ఆయన మీద పుస్తకం కూడా ఎవరూ వెతకరు. మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.

రోములో సాన్ లొరెంజో అనే కూలీల పేట ఉండేది. పాడుబడ్డ ఇళ్ళను ఒక కంపెనీ బాగుచేసి అద్దెకిచ్చింది. అమ్మానాన్నా పనికి పోతే ఇంట్లో మిగిలిన చిన్నపిల్లలు కొత్త గోడలు గీకేస్తున్నారు, మెట్లు పాడు చేస్తున్నారు. గోడలు కాపాడుకోవడానికి ఆ పిల్లలందరినీ ఒక గదిలో పెట్టాలని కంపెనీవాళ్ళు అనుకున్నారు. చూసుకోవడానికి మాంటిస్సోరిని అడిగారు. 1907 జనవరి 6న ఆ గది తెరిచారు. దాని పేరు పిల్లల ఇల్లు. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా యాభై అరవై మంది. మొదటిరోజు చాలామంది బెదిరిపోయి ఏడుస్తున్నారు, మాట్లాడితే జవాబు లేదు. అచ్చం మా చిన్నోడిలాగే. ప్రపంచమంతా బోర్డుల మీద ఎక్కిన ఆ పేరు గోడల రిపేరు ఖర్చు తప్పించుకోవాలన్న లెక్క నుంచి మొదలైందంటే నాకు నవ్వొస్తుంది.

అక్కడ జరిగినవాటిలో నాకిష్టమైనవి మూడు చెప్తాను. ఒక మూడేళ్ళ పాప గుండ్రటి చెక్క దిమ్మలను వాటి గుంటల్లో పెడుతోంది, తీస్తోంది, మళ్ళీ పెడుతోంది. డాక్టరు గారు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మధ్యలో మిగతా పిల్లలతో పాటలు పాడించారు. పాప కూర్చున్న కుర్చీని పాపతో సహా ఎత్తి బల్లమీద పెట్టారు. పాప చెక్కలను ఒళ్ళో పట్టుకుని అక్కడ కూడా అదే పని. నలభైకి పైగా సార్లు చేసి, కలలోంచి లేచినట్టు లేచి నవ్విందట. అలిసిపోలేదు, విశ్రాంతి తీసుకున్నట్టుంది. ఒళ్ళూ మనసూ ఒకే పనిలో పడితే పిల్లలు తేరుకుంటారని ఆవిడకి మొదటిసారి కనిపించింది అక్కడే.

రెండోది ముక్కు చీదడం. నవ్వకండి. ఒకరోజు ఆవిడ పిల్లలకి చేతిగుడ్డతో ముక్కు ఎలా తుడుచుకోవాలో, చప్పుడు కాకుండా, పక్కవాళ్ళకి కనపడకుండా ఎలా చీదాలో చేసి చూపించారు. కాస్త సరదాగానే చేశారు. పిల్లలు నవ్వలేదు. పాఠం అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ ఆశ్చర్యపోయి ఆలోచించారు. ముక్కు కారుతోందని పిల్లలను అందరూ తిడతారు, గేలి చేస్తారు, గుడ్డని పిన్నీసుతో చొక్కాకి గుచ్చుతారు. ఎలా తుడుచుకోవాలో మాత్రం ఎవరూ మర్యాదగా నేర్పలేదు. వాళ్ళ ఒళ్ళు వాళ్ళకి సిగ్గుచేటుగా కాకుండా మొదటిసారి వాళ్ళ చేతికొచ్చింది. నాకు ఎల్‌కేజీలో చొక్కాకి గుచ్చిన గుడ్డ గుర్తుంది. మీకూ ఉండే ఉంటుంది.

మూడోది నిశ్శబ్దం ఆట. ఒకరోజు వాకిట్లో ఒక తల్లి నాలుగు నెలల పాపతో కనిపించింది. పాపను పొత్తిళ్ళలో గట్టిగా చుట్టి ఉంచారు. మాంటిస్సోరి ఆ పాపను ఎత్తుకుని పిల్లల గదిలోకి తెచ్చారు. చూడండి, ఎంత కదలకుండా ఉందో, ఊపిరి ఎంత మెల్లగా తీస్తోందో, మీకెవరికీ ఇలా రాదు అని ఆటపట్టించారు. పిల్లలు పాపను చూస్తూ కాళ్ళు కదపడం మానేశారు. ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నారు. గదిలో గడియారం టిక్కు టిక్కు మొదటిసారి అందరికీ వినిపించింది. ఎవరూ నోరు మూయమనలేదు. ఆ నిశ్శబ్దాన్ని వాళ్ళే చేశారు.

తర్వాత దాన్ని ఆటగా మార్చారు. గదిలో వెలుగు తగ్గించి, ఆవిడ పక్కగదిలోకి వెళ్ళి అక్కడి నుంచి గుసగుసగా ఒక్కొక్క పేరు పిలుస్తారు. పేరు విన్నవాళ్ళు కుర్చీ చప్పుడు కాకుండా లేచి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ ఆవిడ దగ్గరికి రావాలి. మిగతావాళ్ళు తమ వంతు దాకా కదలకూడదు. నలభై మందిని పిలవాలి కదా, చివరివాళ్ళు ఓపిక పట్టలేరేమోనని మిఠాయిలు తెచ్చి పెట్టుకున్నారు. పిల్లలు వద్దన్నారు. పేరు పిలిపించుకోవడమే వాళ్ళకి కావాలి.

నేను లైబ్రరీలో నిలబడిపోయిన చోటు ఇదే. బయటినుంచి చూస్తే మా చిన్నోడి క్లాసూ ఇదీ ఒకటే, పిల్లలందరూ కదలకుండా కూర్చున్నారు. కానీ కదలకుండా ఉండడం అంటే ఏమీ చేయకపోవడం కాదని ఆవిడ అంటారు. చేయి, కాలు, మెడ, ఊపిరి అన్నిటినీ ఒకేసారి పట్టి ఉంచాలి, అది పరుగెత్తడం కన్నా పెద్ద పని. ఆ పని తను చేయగలనని తెలిసిన పిల్లవాడికి తన కోపమూ, తన ఏడుపూ కూడా కొంచెం చేతిలోకి వస్తాయి. వేరేవాళ్ళ భయానికి చేతులు కట్టుకున్నవాడికి ఏదీ చేతిలోకి రాదు, చేతులు విప్పేదాకా లోపల దాచుకుంటాడు. మన తెలుగులో ఊరుకో అనే మాట తీసుకోండి. ఏడ్చే బిడ్డను భుజాన వేసుకుని ఊరుకో ఊరుకో అంటాం. అల్లరి చేస్తే వేలు చూపించి ఊరుకో అంటాం. మాట ఒకటే.

అసలు పిల్లలు కుదురుగా ఉండాలంటే ముందు బాగా కదలాలి అన్నది ఆవిడ పద్ధతి. అప్పటి బడుల్లో బల్లలు నేలకి బిగించి ఉండేవి. ఈవిడ చిన్నచిన్న తేలిక కుర్చీలు చేయించారు. పడతాయి కదా అంటే, పడాలి, పడితేనే చప్పుడు విని పిల్లవాడు తన నడక తాను దిద్దుకుంటాడని ఆవిడ లెక్క. పగిలే పింగాణీ పళ్ళాలు ఇచ్చారు. ఊడవడం, కడగడం, బొత్తాలు పెట్టుకోవడం నేర్పారు. ఇంకా గీత మీద నడక అని ఒకటుంది. నేలమీద కోడిగుడ్డు ఆకారంలో పొడవుగా గీత గీస్తారు. ఒక అడుగు మడమ ముందు అడుగు వేళ్ళకి తగిలేలా దాని మీద నడవాలి. అది వచ్చాక చేతిలో నిండుగా రంగునీళ్ళ గ్లాసు, చుక్క ఒలకకూడదు. లేదా ఒక గంట, అది మోగకూడదు. పిల్లలు పిట్టగోడ మీద, ప్లాట్‌ఫారం అంచు మీద నడవాలని ఎందుకు తపిస్తారో చూశారా, దాన్నే ఆవిడ గదిలోకి తెచ్చారు. మన తొక్కుడుబిళ్ళ కూడా ఇలాంటిదే అనిపిస్తుంది నాకు. మా వీధిలో దాన్ని పాండి అంటాం. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు ఎవరి మీదా కోపం గుర్తుండదు.

ఇదంతా మామూలు పిల్లల ముచ్చట అనుకోవచ్చు. 1908 డిసెంబరు 28న ఇటలీ దక్షిణాన మెస్సీనాలో పెద్ద భూకంపం వచ్చింది. వెంటనే సముద్రం పొంగింది. మన మెరీనాకి 2004లో సునామీ వచ్చినదీ డిసెంబరు ఆఖరి వారమే, మా అమ్మ ఇప్పటికీ ఆ ఆదివారం గురించి చెబుతుంది. మెస్సీనాలో అందరినీ పోగొట్టుకున్న పిల్లలను అరవై మంది దాకా రోముకి తెచ్చి, సన్యాసినుల మఠంలో ఉంచారు. చాలామందికి తమ పేరేమిటో చెప్పడం కూడా రాదు. పగలు మాటా పలుకూ లేదు, తిండి సయించదు, రాత్రిళ్ళు ఏడుపులు, కేకలు. మాంటిస్సోరి పద్ధతి అక్కడికి తెచ్చారు. ఏం జరిగిందో చెప్పమని పిల్లలను ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు. వాళ్ళ ఎత్తుకి సరిపోయే బల్లలు, రంగు తెరలు, పువ్వుల కుండీలు పెట్టారు. బల్ల మీద గుడ్డ పరవడం, గిన్నెలు సర్దడం, చప్పుడు లేకుండా వస్తువులు మోయడం సన్యాసినులు ఒక్కొక్కటిగా, ఓపికగా నేర్పారు. పిల్లలు రోజూ ఆ పనుల్లో పడ్డారు. మెల్లగా ఆకలి వచ్చింది, నిద్ర వచ్చింది. తర్వాత తోటలో పరుగులు, గెంతులు మొదలయ్యాయి. అమ్మానాన్నా తిరిగి రాలేదు కదా, అది ఎవరూ తేలేరు. ఒక గ్లాసుని ఒలకకుండా గది అటు చివరికి తీసుకెళ్ళడం మాత్రం చేతనైంది. ఆవిడ జీవితం మొత్తంలో నాకు ఇదే పెద్ద విషయం, పేరు వచ్చిన సంగతులన్నీ దీని తర్వాతే.

పేరు చాలా వేగంగా వచ్చింది. 1909లో ఆవిడ పద్ధతి పుస్తకంగా అచ్చయి ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. 1913లో అమెరికా వెళ్ళారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల తరగతి పెట్టి, బయట జనం నిలబడి చూస్తుంటే లోపల పిల్లలు ఏమీ పట్టనట్టు పని చేసుకున్నారు.

ఈ మధ్యలోనే 1912 చివర్లో తల్లి రెనిల్డె చనిపోయారు. ఆ తర్వాత కొద్దికాలానికి మరియా పల్లెకి వెళ్ళి మారియోని తెచ్చుకున్నారు. అప్పటికి అతనికి పదిహేనేళ్ళు. అప్పుడప్పుడు వచ్చిపోయే ఆవిడ ఎవరో తనకి ముందే తోచిందని అతను తర్వాత చెప్పినట్టు రాశారు. అప్పటి నుంచి ఇద్దరూ కలిసే ఉన్నారు, కలిసే తిరిగారు. కానీ లోకానికి అతను మేనల్లుడు, లేకపోతే పెంచుకున్నవాడు. నలభై మంది పిల్లలను పేరు పెట్టి పిలిచిన ఆవిడ తన పిల్లవాడిని మాత్రం అందరి ముందూ కొడుకా అని పిలవలేకపోయారు.

ముసోలినీ సంగతి కూడా రాయకపోతే మేడం ఎర్రసిరాతో రాస్తారు. 1924 నుంచి ముసోలినీ ఆవిడ బడులకి అండగా నిలబడ్డాడు, ఆవిడ ఆ అండ తీసుకున్నారు. పదేళ్ళు. చివరికి పిల్లలను సైనికుల్లా తయారుచేయాలన్న వాళ్ళకీ ఈవిడకీ కుదరక 1934లో తెగిపోయింది, ఇటలీలో బడులు మూసేశారు. జర్మనీలో నాజీలూ మూసేశారు. తెంచుకోవడానికి పదేళ్ళెందుకు పట్టిందన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆవిడ బార్సిలోనాలో ఉండేవారు, 1936లో అక్కడ అంతర్యుద్ధం వచ్చింది. మళ్ళీ పెట్టె సర్దుకుని హాలండు వెళ్ళారు.

మన దేశానికీ ఆవిడకీ పరిచయం అంతకుముందే ఉంది. 1931లో గాంధీగారు రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళినప్పుడు అక్కడి మాంటిస్సోరి పిల్లలను చూశారు. వాళ్ళ లయబద్ధమైన కదలికలూ, గుసగుసకి లేచి వచ్చే ఆ నిశ్శబ్దమూ చూసి కదిలిపోయారు. ఆ క్షణంలో తనకి మన పల్లెల్లో సగం కడుపుతో ఉన్న పిల్లలు గుర్తొచ్చారని, ఇది వాళ్ళకి కూడా అందుతుందా అని ఆ సభలోనే అన్నారు. ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది. మాంటిస్సోరి అని బోర్డున్న చోట ఫీజు ఎంతో కనుక్కుని మా అక్క బయటికొచ్చేసింది. కూలీల పిల్లల కోసం మొదలైన పద్ధతి కదా అని నేను లోపల అనుకున్నాను.

1939 నవంబరులో, అరవై తొమ్మిదేళ్ళ వయసులో, ఆవిడ మారియోతో మద్రాసు వచ్చారు. పిలిచింది అడయారులోని దివ్యజ్ఞాన సమాజం, అప్పటి అధ్యక్షుడు జార్జ్ అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి. అవును, కళాక్షేత్ర రుక్మిణీదేవి గారే. కొన్ని నెలల టీచర్ ట్రైనింగ్ కోసం అనుకుని వచ్చారు. దేశం నలుమూలల నుంచి దాదాపు 300 మంది చేరారు. ఆకు కప్పిన పాకల్లో క్లాసులు. ఆవిడ ఇటాలియన్లో ఒక మాట చెబితే మారియో దాన్ని ఇంగ్లీషులో చెప్పేవాడు. రెండు భాషల ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ఇది నాకు కళ్ళకి కడుతుంది. మా తాతకి ఆసుపత్రిలో డాక్టరు తమిళం నేనే తెలుగు చేసి చెప్పేదాన్ని. పక్కన నిలబడి ఒకరి మాటను మోసేవాళ్ళకి ఆ మనిషి ఊపిరి కూడా తెలిసిపోతుంది.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. బ్రిటిషు వాళ్ళ దేశంలో ఉన్న ఇటలీ వాళ్ళందరూ ఒక్కరోజులో శత్రువులయ్యారు. మారియోను పట్టుకెళ్ళి శిబిరంలో పెట్టారు. ఆవిడను శిబిరానికి పంపలేదు గానీ అడయారు ఆవరణ దాటకూడదన్నారు. డెబ్బై ఏళ్ళావిడ, ఊరు కొత్త, ఇంగ్లీషు రాదు, తన మాటను మోసే మనిషి పక్కన లేడు. ఆ రెండు నెలలూ ఆవిడ ఎలా ఉన్నారో ఏ పుస్తకంలోనూ నాకు సరిపడా దొరకలేదు. అడయారు వంతెన మీద బస్సులో పోయినప్పుడల్లా ఆ చెట్లవైపు చూస్తాను.

ఆగస్టు 31న ఆవిడకి డెబ్బై నిండాయి. ఆరోజు వైస్రాయి నుంచి టెలిగ్రాం వచ్చింది. పుట్టినరోజుకి ఏమివ్వాలా అని ఆలోచించామని, మీ కొడుకును మీకు తిరిగి పంపడం కన్నా మంచి కానుక తోచలేదని దాని సారాంశం. మేనల్లుడు అనలేదు, పెంపుడు అనలేదు. కొడుకు అని, సర్కారు కాగితం మీద. మారియోకి అప్పటికి నలభై రెండేళ్ళు.

ఆ తర్వాత కొన్నాళ్ళు కొడైకెనాల్లో ఉన్నారు. అక్కడ పిల్లలతో చెట్లూ పురుగులూ నక్షత్రాల మధ్య పని చేశారు. 1946లో యూరపుకి వెళ్ళి, 1947లో మళ్ళీ ఇక్కడికి వచ్చారు. 1949లో ఆవిడ ముఖ్యమైన పుస్తకం ఒకటి మన అడయారులోనే అచ్చయింది. 1952 మే 6న హాలండులో సముద్రపు ఒడ్డున నూర్డ్‌వైక్ అనే ఊళ్ళో, ఆఫ్రికా వెళ్ళే విషయం మారియోతో మాట్లాడుతూ ఉండగా చనిపోయారంటారు. ఆవిడ పనిని మారియో 1982లో పోయేదాకా నడిపించాడు.

చిన్నోడి సంగతి చెప్పకుండా వదిలేస్తే మీరు అడుగుతారు. పోయిన వేసవి సెలవుల్లో మా మిద్దె మీద ముగ్గుపిండితో గీత గీశాను. స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చాను. మొదటిరోజు ఆ నీళ్ళు నా మీద పోసి పారిపోయాడు. రెండోరోజు గీతని కాలితో చెరిపేశాడు. నాలుగైదు రోజులకి, నన్ను పట్టించుకోనట్టు నటిస్తూ, తనంతట తనే గీత మీద నడిచాడు. నాలుక బయటపెట్టి, గ్లాసునే చూస్తూ. నిశ్శబ్దం ఆట మాత్రం చాలా రోజులు కుదరలేదు. కదలకుండా కూర్చో అనగానే చేతులు కట్టుకుని నోటి మీద వేలు పెట్టుకునేవాడు, మొహం గట్టిగా అయిపోయేది. చేతులు కట్టుకోనక్కరలేదని చెప్పడానికే నాకు వారం పట్టింది. ఇప్పటికీ వాడికి కోపం వస్తుంది, చెప్పులు అప్పుడప్పుడు ఎగురుతాయి. కాలరు మాత్రం నమలడం లేదు.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. మిద్దె మీద ఇద్దరమే. దూరంగా రైలు, పక్కింట్లో గ్రైండరు ఆగిపోయిన నిశ్శబ్దం. వాడు గోడకి ఆనుకుని, చేతులు ఒళ్ళో వదిలేసి కూర్చున్నాడు. నేను మెట్ల తలుపు వెనక్కి వెళ్ళి, వాడి పూర్తి పేరు, స్కూలు రిజిస్టరులో ఉండేది, మెల్లగా పిలిచాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మునివేళ్ళ మీద వచ్చి నా చున్నీ పట్టుకున్నాడు. ఇప్పుడు నువ్వు వెళ్ళి కూర్చో అని చేత్తోనే సైగ చేశాడు. వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాను. తలుపు వెనక నుంచి చిత్తీ అని, వినిపించీ వినిపించకుండా పిలిచాడు.